గింజ దొర్లని నేల

పడినవాడికి మూడు మార్కులు, పడనివాడికి రెండున్నర. ఇదేం లెక్కో, ఏ బళ్లో నేర్పారో గానీ, మాధవి నాలుగోసారి చదివినా ఫోన్లోని ఆ కాగితం మాట మార్చలేదు.

మాధవి చింతపల్లి దగ్గర ఒక కాలేజీలో ఆటల మేడమ్. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఉదయం ఆమె నిలబడి ఉన్నది మాత్రం కాలేజీలో కాదు, ఊరి కాఫీ కళ్లం గట్టు మీద. సిమెంటు చేసిన పెద్ద కళ్లం అది. కొండ మీది మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తోలు తీసి కడిగిన కాఫీ గింజలు కళ్లం నిండా పరిచి ఉన్నాయి. అసిరమ్మ పొడుగు కర్ర ఉన్న చెక్కపారతో వాటిని బారులు బారులుగా తిరగేస్తోంది. ఒక బారు పూర్తయ్యాక వెనక్కి తిరిగి, కాళ్లకంటిన గింజల్ని దులిపి, మళ్లీ మొదలుపెడుతోంది.

"ఏటి టీచరమ్మా, ఫోన్లో ఎవుల్ని అంత కోపంగా సూత్తన్నావు?"

"ఎవర్నీ కాదక్కా. మన గాసి పోటీకి కొత్త రూల్స్ పంపారు. తగలెయ్య!"

గాసి అసిరమ్మ కొడుకు. మాధవి కాలేజీలోనే డిగ్రీ రెండో ఏడు. చక్రాల బూట్లు వేసుకుని పాటకు తగ్గట్టు తేలుతూ, తిరుగుతూ, గాల్లోకి లేచి చుట్లు చుట్టి ఒంటికాలి మీద దిగే ఆట వాడిది. పరుగు పందెం కాదు, సొగసు చూసే పోటీ. వచ్చే ఆదివారం విశాఖపట్నంలో రాష్ట్ర సెలెక్షన్. మగవాళ్ల విభాగంలో ఒక్కడికే చోటు. ఆ ఫస్టు సర్టిఫికెట్ చేతికొస్తే స్పోర్ట్స్ కోటాలో వ్యాయామ విద్య కోర్సులో సీటొస్తుంది, రేపు మాధవిలాగా మెడలో విజిల్ వేసుకోవచ్చు. రాకపోతే డిగ్రీ కాగితం గూట్లో పెట్టి తల్లి చేతిలోని చెక్కపార అందుకోవడమే.

ఇదంతా మంచుగడ్డ మీద ఆడే స్కేటింగ్ నుంచి దిగిన తెగులు. అక్కడ మగవాళ్ల పోటీల్లో గాల్లో నాలుగు చుట్లు తిరిగేవాడిదే రాజ్యం. బాగా కష్టమైన జంపు నాలుగు చుట్లు తిరిగితే పదకొండున్నర, అదే జంపు మూడు చుట్లకి ఆరు కూడా లేదు. ఆ వీడియోలు మాధవీ గాసీ కళ్లార్పకుండా చూసేవారు. చతికిలపడి, లేచి, చివరికి మెడల్ వేసుకున్నవాళ్లనీ చూశారు. ఎక్కడో చలి దేశాల గొడవ మనకెందుకులే అనుకున్నారు. ఇప్పుడు అసోసియేషన్ సెక్రటరీ జగన్నాథరావు ఆ లెక్కని కాస్త కుదించి చక్రాల మీదికి దించాడు. రెండు చుట్ల డబుల్‌కి రెండు మార్కులు, ఎంత ముచ్చటగా దూకినా మరో అర. మూడు చుట్ల ట్రిపుల్‌కి ఎనిమిది. పడిపోతే సగం కోత, పైన ఇంకో మార్కు కోత. ఎనిమిదిలో సగం నాలుగు, ఒకటి పోతే మూడు.

"అంటే పడ్డోడికి మూడా?" అసిరమ్మ పార ఆపింది.

"ఆఁ. శుభ్రంగా దిగినవాడికి రెండున్నర."

"ఓలమ్మో! బిందె తెచ్చినోడికంటే బిందె పగలగొట్టినోడికే ఎక్కువిత్తారేటి?" అంటూ అసిరమ్మ పకపకా నవ్వి మళ్లీ పార లాగింది. మాధవికి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం మూడు దాటగానే, మంచు పడకముందే, గింజల్ని కుప్పలు చేసి టార్పాలిన్లు కప్పేస్తారు. ఆ తరువాత చీకటిపడేదాకా కళ్లం గాసిది. వాడు ముందు చీపురుతో మొత్తం ఊడ్చాడు. తరువాత మోకాళ్ల మీద పాకుతూ నెర్రెల్లో ఇరుక్కున్న గింజల్ని గోటితో తీశాడు. చక్రం కింద ఒక్క గింజ పడినా కాలు విరుగుతుంది. ఊళ్లోని పిల్లలు గట్టు మీద వరసగా కూర్చున్నారు. వాళ్లలో భానుశ్రీకి ఎనిమిదేళ్లు. గాసి పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని, పడకుండా నిలబడటం రెండేళ్ల నుంచి నేర్చుకుంటోంది.

"ట్రిపుల్ దూకుతావురా?" అంది మాధవి.

గాసి గోదాము గోడ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి కళ్లం అవతలి అంచున ఉన్న కాలువ వైపుకి జారుతూ వచ్చాడు. వెనక్కి తిరిగాడు, కాలి మునివేలి దగ్గరి రబ్బరు బిళ్లని నేలకు తాటించాడు, లేచాడు. ఒకటి, రెండు, మూడు. కుడికాలి మీద దిగి, చేతులు చాచి, కాలువ అంచుదాకా అలా సాగిపోయాడు.

"మూడు! మేడమ్, మూడు!" భానుశ్రీ గట్టు మీద నుంచి ఎగిరి దూకింది.

ఏడుసార్లు దూకితే అయిదుసార్లు నిలబడ్డాడు. మాధవికి కడుపు నిండిపోయింది. పడితే మూడు, నిలబడితే ఎనిమిది. కొట్టండిరా మీ లెక్క మీ మొహానే అనుకుంది.

టార్పాలిన్ అంచుకి రాయి పెడుతున్న అసిరమ్మ అంది, "ఎప్పుడూ గోడ కాణ్ణించి కాలవకేసే దూకుతాడు. కాలవ కాణ్ణించి గోడకేసి దూకమను, సూద్దాం."

"అటు నుంచి నాకు రాదే అమ్మా. అలవాటు నేదు."

మాధవి నవ్వేసింది. "ప్రతివాడికీ ఒక వాటం ఉంటుందక్కా. మనం కుడిచేత్తో తినట్లా?"

శనివారం పొద్దున్నే షేర్ జీపులో నర్సీపట్నం దిగి, అక్కడి నుంచి బస్సులో విశాఖ చేరారు. అసిరమ్మ కూడా వచ్చింది. కొడుకు ఆట కళ్లం మీద తప్ప మరోచోట చూడలేదామె. స్కేటింగ్ రింకులోకి అడుగు పెట్టగానే చెప్పులు విడిచింది, గుళ్లోకి వచ్చినట్టు.

నేల అద్దంలా ఉంది. ఒక నెర్రె లేదు, ఒక గింజ లేదు. గాసి మొహం వెలిగిపోయింది. రెండు చుట్లు తిరిగొచ్చి, లేచాడు.

పడ్డాడు.

లేచి దులుపుకుని మళ్లీ దూకాడు. పడ్డాడు. మూడో చుట్టు ముప్పావు దాకా తిరగడం, కాలు నేలకు తగలాల్సిన క్షణానికి ముందే నేల వచ్చేయడం, తుంటి మీద ధబ్బున కూలడం. తొమ్మిదిసార్లు దూకితే తొమ్మిదిసార్లూ అంతే. పాపం, ప్రతిసారీ లేచి మాధవి వైపు చూస్తున్నాడు. చక్రాలు మార్చమంది. బూటు తాడు బిగించమంది. వేగం పెంచమంది. నోటికొచ్చింది చెప్పింది గానీ ఒక్కటీ పనిచేయలేదు.

రెయిలింగు అవతల కూర్చున్న అసిరమ్మ చెంగు ముడి విప్పింది. కాఫీ పండులో మామూలుగా రెండు బద్దలుంటాయి. ఎక్కడో ఒక పండులో మాత్రం గుండ్రంగా ఒక్కటే గింజ ఉంటుంది, బటాణీలా. అలాంటి ఉండ గింజలు కనబడితే ఆమె ఏరి ముడేసుకుంటుంది, పిల్లలు ఆడుకుంటారని. ఒక దాన్ని తీసి, వంగి, రింకు నేల మీద పెట్టి వదిలింది. చూసింది. మరోచోట పెట్టింది. మళ్లీ చూసింది.

"టీచరమ్మా. ఇక్కడ గింజ దొర్లదే."

"ఏంటక్కా?"

"మన కళ్లం మీదయితే ఉండ గింజ ఆగదు గదా. ఎక్కడెట్టినా కాలవ కాడికి పోద్ది. ఇక్కడ పెట్టింది పెట్టినట్టే ఉంది."

మాధవి గింజ దగ్గరికి వంగింది. కళ్లం కట్టిన మేస్త్రి నీళ్లు నిలవకుండా వాలు పెట్టాడు. గోడ వైపు ఎత్తు, కాలువ వైపు పల్లం. కంటికి ఆనని వాలు. గాసి నాలుగేళ్లుగా ఎత్తు నుంచి పల్లానికి దూకుతున్నాడు. వాడు లేచిన చోటికంటే దిగే చోటు ఆ కాస్త కిందికి ఉంటుంది. ఆ కాస్తలోనే మూడో చుట్టు పూర్తవుతోంది. రోజూ కళ్లం మీద పార లాగే మనిషికి తెలిసింది, అదే కళ్లం గట్టు మీద నాలుగేళ్లు విజిల్ ఊదిన తనకు తెలియలేదు. ఛీ, ఏం చదువులు చదివినట్టు!

గాసి వచ్చి గింజని చూశాడు. కాలితో మెల్లగా తోశాడు. కాస్త దూరం పోయి ఆగిపోయింది.

"డబుల్స్ దూకుతా మేడమ్. అవెక్కడైనా పడను," అన్నాడు.

అవును, పడడు. కొండ గాలికి కాఫీ కొమ్మ ఊగినట్టు దూకుతాడు డబుల్. మూడు జంపులకి ఏడున్నర వస్తుంది. అటు రింకు మధ్యలో నగరం కుర్రాడు లక్ష్మీప్రసాద్, నడుముకి దిండ్లలాంటి మెత్తలు కట్టుకుని, ట్రిపుల్ మీద ట్రిపుల్ పడుతున్నాడు. పడిన ప్రతిసారీ వాళ్ల కోచ్ చప్పట్లు కొడుతున్నాడు. మూడు పడితే తొమ్మిది. కిందపడ్డా నాదే పైచేయి అంటే ఇదే కాబోలు.

మాధవి ఆఫీసు గదిలోకి దూసుకెళ్లింది. జగన్నాథరావు టీ తాగుతున్నాడు.

"సార్, పడినవాడికి మార్కులేంటి సార్?"

"పడినందుకు కాదమ్మా, తెగించినందుకు. ప్రపంచమంతా అటే పోతోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఎట్లా?"

"తెగించడానికి వాళ్లకు మెత్తలున్నాయి, పైనుంచి కట్టి వేలాడదీసే తాళ్లున్నాయి. మావాడు సిమెంటు మీద తెగించాలి. పోనీ అదీ వదిలేయండి. శుభ్రంగా దూకినవాడు ఏం పాపం చేశాడు?"

"ముందు మీవాణ్ణి ట్రిపుల్ దూకమనండి. తరవాత న్యాయం మాట్లాడదాం." ఆయన కప్పు కింద పెట్టాడు. "అంతగా అయితే రాసివ్వండి. ఫలితం వచ్చిన వారం లోపల ఇస్తే కమిటీ చూస్తుంది. ఒప్పుకుంటే ఈ మీట్ మార్కులే తిరగరాస్తాం. కానీ ఊరికే ఏడుపులు కాదు, ఉదాహరణ ఉండాలి."

ఆమె అక్కడే బల్ల మీద కాగితం తీసుకుని రాసింది. పెన్ను కాగితాన్ని చింపేలా ఉంది. 'సీనియర్ పురుషుల విభాగంలో లక్ష్మీప్రసాద్ అనే క్రీడాకారుడు' అని రాసి, ఎన్నిసార్లు పడ్డాడో రేపు నింపడానికి చోటు వదిలింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఫిర్యాదు సరే, చోటు ఎవరిస్తారు? వారం తరువాత కమిటీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రేపు ఒక్కటే రేపు. మాధవి రింకులోకి తిరిగొచ్చి, గాసిని మూలకి పిలిచింది.

"రేపు ట్రిపులే. మూడో చుట్టు ముప్పావు తిరిగితే ట్రిపుల్ కిందే లెక్క. నువ్వు అంత తిరుగుతున్నావు."

"పడతాను మేడమ్."

"పడు. చెయ్యి ఆనించకు, మణికట్టు పోతుంది. తొడ మీద పడు, దొర్లు, వెంటనే లే."

గాసి తుంటి రుద్దుకున్నాడు. "నాలుగేళ్లు పడకూడదని నేర్పినారు."

"ఇప్పుడు పడమంటున్నాను. కోపం నా మీద కాదు, ఆ కాగితం మీద తెచ్చుకో."

వాడు తెచ్చుకున్నాడో లేదో తెలియదు. రింకు మూసేదాకా పడటం నేర్చుకున్నాడు. అసిరమ్మ అటు తిరిగి కూర్చుంది.

ఆదివారం ముందు లక్ష్మీప్రసాద్ దిగాడు. మూడు ట్రిపుల్స్, మూడు పతనాలు. జంపులకి తొమ్మిది, సొగసుకి పదికి అయిదున్నర, మొత్తం పద్నాలుగున్నర. తరువాత సీతంపేట వైపు నుంచి వచ్చిన రవిబాబు దిగాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ముచ్చటైన మూడు డబుల్స్. ఒక్కసారి కూడా తడబడలేదు. చూస్తున్నవాళ్లు పాటతో పాటు చప్పట్లు కొట్టారు. పదమూడు పాయింట్ ఏడు. ఆ అంకె చూసి రవిబాబు తన బూట్ల వైపు చూసుకున్నాడు, తప్పు వాటిలో ఉందేమోనన్నట్టు.

గాసి పాట మొదలైంది. మొదటి జంపు. ధబ్! అయ్యో అన్నారు జనం. లేచాడు. రెండో జంపు. అదే తుంటి, అదే చోటు. ఈసారి అయ్యో అన్నవాళ్లలో కొందరు నవ్వారు. ఎద్దు పుండు కాకికి ముద్దా! లేచేటప్పుడు గాసి ఒక చేయి నేలకానించాల్సి వచ్చింది.

మూడో జంపుకి ముందు రింకు అంచున వంపు తిరుగుతూ మాధవి వైపు చూశాడు. ఒక్క చూపు. డబుల్ దూకుతా, ఒక్కసారి నిలబడతా అని అడుగుతున్నట్టే ఉంది. మాధవి మనసులో లెక్క గిర్రున తిరిగింది. మూడూ మూడూ ఆరు, డబుల్‌కి రెండున్నర, ఎనిమిదిన్నర. సొగసుకి ఆరు వేస్తే పద్నాలుగున్నర. సమానం. సమానమైతే జంపుల్లో ఎక్కువున్నవాడిదే గెలుపు. చోటు లక్ష్మీప్రసాద్‌కి పోతుంది.

ఆమె చెయ్యెత్తి మూడు వేళ్లు చూపించింది.

గాసి తల తిప్పుకున్నాడు. లేచాడు. పడ్డాడు.

పదిహేను. ఫస్టు.

మెడల్ వేసేటప్పుడు మెట్టు ఎక్కడానికి గాసికి లక్ష్మీప్రసాద్ చెయ్యందించాడు. "బ్రో, తుంటికి ఐస్ పెట్టు ఈ రాత్రికి. నాకు ఆర్నెల్ల నుంచీ ఇదే పని," అన్నాడు చిన్నగా. వాడి మోచేతి కట్టు ఊడి వేలాడుతోంది. మూడో మెట్టు మీద రవిబాబు తెల్ల చొక్కాకి మరక కూడా లేదు. గాసి మెడల్ వైపు చూడలేదు, కెమెరా వైపు చూడలేదు, ఆ చొక్కా వైపే చూస్తూ నిలబడ్డాడు.

జగన్నాథరావు మైకు అందుకున్నాడు. "కొత్త రూల్స్ అన్యాయమన్నారు కొందరు. ఇదిగో, మన్యం నుంచి వచ్చిన పిల్లవాడు అదే రూల్స్‌తో గెలిచాడు! ఇంతకన్నా జవాబేం కావాలి? మాధవిగారూ, రెండు మాటలు మాట్లాడండి."

బ్యాగులో కాగితం ఉంది. మాధవి లేచి, నమస్కారం పెట్టి, "సంతోషం సార్," అని కూర్చుంది.  నిన్న ఆఫీసు గదిలో అరిచిన ఆడది ఏమైపోయిందో ఆమెకే తెలియదు.

పక్కన అసిరమ్మ అడిగింది. గొంతులో వెటకారం లేదు, తెలియకే అడిగింది. "మా గుంటడు మూడుసార్లు పడ్డాడు గదా టీచరమ్మా. ఆ తెల్ల సొక్కా గుంటడు ఒక్కసారీ పడనేదు. మరి మెడల్ మావోడికి ఏటికిచ్చినారు?"

బస్సుకి వేళయిందంటూ మాధవి బ్యాగు తీసుకుని లేచింది. 

మంగళవారం సాయంత్రం కళ్లం దగ్గర ఊరంతా చేరింది. ఎవరో బంతిపూల దండ తెచ్చారు. గాసి కాఫీ బస్తా మీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. తుంటి నల్లగా కమిలిపోయింది, తిన్నగా కూర్చోలేడు. పిల్లలు ఫోన్లో పోటీ వీడియో పదోసారి చూస్తున్నారు.

"మేడమ్, నన్ను సూడండి!" అని కేకేసింది భానుశ్రీ.

గోదాము గోడ దగ్గరి నుంచి బయల్దేరింది. గుడ్డలు కుక్కిన బూట్లు, మోకాళ్లు వణుకుతున్నాయి. కళ్లం మధ్యకి రాగానే కాళ్లు రెండూ గాల్లోకి విసిరి సిమెంటు మీద తొడతో ధబ్బున పడింది. దొర్లింది. మోచెయ్యి గీసుకుని నెత్తురు చిమ్మింది. ఏడవలేదు. పడినచోటే కూర్చుని రెండు చేతులూ పైకెత్తింది, గాసి ఆఖర్న ఎత్తినట్టు.

"ఎన్ని మార్కులు మేడమ్?"

దాని వెనక ఇంకో ఇద్దరు పడటానికి వరసలో నిలబడి ఉన్నారు. రెండేళ్లు పట్టింది ఆ పిల్లకి పడకుండా నిలబడటం నేర్పడానికి. పడటం మాధవి రెండు రోజుల్లో నేర్పేసింది. 

"సున్న!" అంది అసిరమ్మ. చెక్కపార గోడకానించి గబగబా వచ్చి, పిల్ల రెక్క పట్టుకుని లేపింది. మోచేతి మీది నెత్తురు చెంగుతో అద్దింది. "పడితే సున్న. లెగిసి నిలబడు ముందు, అప్పుడు ఏత్తాను మార్కులు."

మాధవి బ్యాగులోంచి కాగితం తీసింది. బస్తా మీద పెట్టుకుని, 'లక్ష్మీప్రసాద్' అన్న పేరు కొట్టేసింది. దాని పైన 'మా విద్యార్థి గాసి' అని రాసింది. అంకె కోసం వదిలిన చోట పెన్ను ఆగింది. మూడు అని రాయడానికి చెయ్యి రాలేదు. మూడోసారి పడమన్నది తన వేళ్లు. 'రెండుసార్లు పడి ప్రథమ స్థానం పొందాడు' అని రాసి, కాగితం గాసి చేతికిచ్చింది.

"ఇది ఇస్తే నీ చోటు పోవచ్చురా. నువ్వు వద్దంటే చింపేస్తాను. చదివి చెప్పు."

గాసి చదివాడు. కళ్లం మధ్యలో భానుశ్రీ, అసిరమ్మ చెయ్యి పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడే ప్రయత్నంలో ఉంది. వాడు అటు చూశాడు. తరువాత మెడలోని బంతిపూల దండ తీసి పక్కన పెట్టి, పెన్ను కోసం చెయ్యి చాచాడు.

కాగితం మోకాలి మీద ఆనించుకుని 'రెండు' అన్నది కొట్టేశాడు. దాని పైన 'మూడు' అని రాశాడు. కింద సంతకం పెట్టి తిరిగిచ్చాడు.

"రేపు బేగి పంపించీండి మేడమ్," అన్నాడు. "వారం దాటిపోతే తీసుకోరు."